మేనత్త తీసుకెళ్ళింది

శనివారం పొద్దున పదింటికి నానిసి నవ్వడం మొదలుపెడుతుంది. అంతవరకూ మొహం వేలాడేసుకుని కూర్చున్న మనిషే. మొగుడు మాఫి ఫోన్‌ని బిస్కెట్ల డబ్బాకి ఆనించి "లైవ్ వచ్చింది, మాట్లాడు" అనగానే ఆ మొహానికి ఎక్కడలేని కళ వచ్చేస్తుంది. "బాగున్నారా అక్కలూ, చెల్లెళ్ళూ. ఆక్లాండ్ వాళ్ళు కాఫీలు తాగారా? సిడ్నీ వాళ్ళు ఇంకా పక్క దిగలేదా?" అంటుంది. వాళ్ళు మురిసిపోతారు. గుండె బొమ్మలు తెర మీద పైకి పోతుంటాయి. ఆ వారం అల్లిన కియెకియెని నడుముకు కట్టుకుని అటూ ఇటూ తిరిగి చూపిస్తుంది. చివర్న, మానకుండా, "వచ్చే శనివారం ఇంకో కొత్తది" అని మాటిస్తుంది. ఫోన్ కట్టేయగానే ఆ మాట బరువంతా ఆమె నెత్తిన పడుతుంది.

కియెకియె అంటే నడుముకు కట్టుకునే పట్టీ, దాన్నుంచి మోకాళ్ళ దాకా వేలాడే అల్లికలు. అది లేకుండా చర్చికో ఆఫీసుకో వెళ్ళిన ఆడదాన్ని మా టోంగాలో సగం బట్టలతో వచ్చినట్టే చూస్తారు. దేశం దాటిపోయినవాళ్ళకి ఈ పట్టింపు మరీ ఎక్కువ. అక్కడ మొగలి ఆకు దొరకదు, దొరికినా అల్లే తీరిక ఉండదు. అందుకని ఫోన్‌లో నానిసి అమ్మకాల పేజీ చూసి ఆర్డర్లిస్తారు.

పేజీ పెట్టిన కొత్తలో ఆక్లాండ్‌లో ఉన్న పెదనాన్న కూతురు ఒక సలహా ఇచ్చింది. "శనివారం అన్నావంటే శనివారమే. ఒక్కసారి తప్పావా, జనం ఇంకో పేజీకి పోతారు. మళ్ళీ రారు." సలహా ఇచ్చినావిడ అది చెప్పి హాయిగా తన ఉద్యోగానికి తను పోయింది. నానిసి మాత్రం దాన్ని పాస్టరు ముందు చేసిన ప్రమాణంలా పట్టుకుంది. జ్వరం వచ్చిన శనివారం కూడా మానలేదు. తుఫానుకి పొరుగింటి రేకులు లేచిపోయిన శనివారం, తన ఇంటి రేకులు ఉన్నాయి కదా అని కూర్చుంది.

కానీ మొగలి ఆకుకి ఈ సంగతులేం తెలుసు? ఆకు కోయాలి, ముళ్ళు తీయాలి, ఉడకబెట్టాలి, కట్టలు కట్టి రాళ్ళ బరువు పెట్టి సముద్రంలో నానెయ్యాలి, తెల్లబడేదాకా ఎండెయ్యాలి. సముద్రం ఎవరి శనివారం కోసమూ తొందరపడదు. ఆ పోయిన టైమంతా నానిసి తన ఒంట్లోంచి తీసిచ్చేది. చేపలు వేయిస్తూ ఒక చేత్తో మెసేజ్‌లకి జవాబులు, పిల్లకి జడ వేస్తూ మధ్యలో పొడవు కొలతలు. ఆదివారం వ్యాపారం చెయ్యడం చట్టమూ ఒప్పుకోదు, దేవుడూ ఒప్పుకోడు కాబట్టి ఆ ఒక్కరోజు ఫోన్ ఆపేసేది. ఆపేసి చర్చిలో కూర్చుని, పాటలో నోరు కదుపుతూ, సోమవారం తెరిస్తే ఎన్ని మెసేజ్‌లుంటాయో అని భయపడేది.

"ఒక్క వారం మానెయ్యరాదూ" అన్నాడు మాఫి ఒకసారి.

"మానేస్తే ఏం తింటాం?"

"నేను చేపలకి పోతాగా."

"దేంట్లో? ఇంజన్ లేని పడవలోనా, ఈదుకుంటూనా?"

పడవ ఇంజన్ చెడిపోయి పెరట్లో పడి ఉంది. కోళ్ళు దాని కింద గుడ్లు పెడుతున్నాయి. ఇల్లు నడిచేది నానిసి పేజీ మీదే. అది ఆగితే ఇంట్లో అన్నీ ఆగుతాయని ఇద్దరికీ తెలుసు.

ఇలా ఉండగా ఒక గురువారం మేనత్త పిసిలా వచ్చింది.

పిసిలా నానిసి తండ్రికి అక్క. మాలో మేనత్త అంటే మాటలు కాదు. తమ్ముడి పిల్లల ఇంట్లో ఏది ఉన్నా అది ఆమెదే. పెళ్ళిలో కానుకగా పెట్టే చాపల్లో మొదటిది ఆమెకే, చావులో శవం తల దగ్గర కూర్చునేది ఆమె వరసవాళ్ళే. నచ్చింది తీసుకుంటుంది, అడగక్కర్లేదు. కాదనడం సంగతి అటుంచి, మొహం చిన్నబుచ్చుకున్నా ఊరంతా చెప్పుకుంటారు. అయితే పిసిలా చాలా మంది మేనత్తల్లా సంచులేసుకుని తిరిగే రకం కాదు. పక్క ఊరు నుంచి బస్సులో వచ్చేటప్పుడు పెండలం దుంపలో, పనసలాంటి బ్రెడ్‌ఫ్రూట్ కాయలో ఏవో ఒకటి పట్టుకునే వస్తుంది.

ఆ రోజూ దుంపలు దించి, విసనకర్రతో విసురుకుంటూ ఇల్లంతా చూసింది. గోడకి వేలాడుతున్న కియెకియె దగ్గర ఆగింది. పాలమీగడ రంగు, మధ్యలో చిన్న చిన్న పూలు. నానిసి ఆ ఏడాది అల్లినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. అది ఆక్లాండ్‌లో లవినియా అనే ఆవిడది. ఆమె కూతురు కాలేజీ పట్టా తీసుకునే రోజుకి కట్టుకోవాలి. మర్నాడు పట్నంనుంచి విమానమెక్కే మనిషి చేతికివ్వాలి.

"ఇది బావుందే" అంది పిసిలా.

నానిసి చేతిలో పని వదిలి లేచింది. "మీకు నచ్చిందా అత్తా" అంది. అంతకన్నా ఏమనగలదు?

"మా చర్చివాళ్ళ పెద్ద కూటం ఉంది ఎల్లుండి. నాది తాళ్ళు తెగిపోయాయి." పిసిలా దాన్ని దించి, మడిచి, సంచిలో పెట్టుకుంది. మాఫి కుండలోకి అదే పనిగా చూస్తూ గరిటె తిప్పాడు. కుండలో తిప్పడానికేం లేదు.

ఆమె బస్సెక్కాక నానిసి మెట్ల మీద కూలబడింది. లవినియాకి ఏం రాయాలి? ఆకు సరిగ్గా ఎండలేదని రాసి చెరిపేసింది. జ్వరమని రాసి చెరిపేసింది. చివరికి విసుగొచ్చి, ఉన్నదున్నట్టు రాసేసింది: "అక్కా, మీది అల్లడం అయిపోయింది. మా మేనత్త వచ్చి తీసుకెళ్ళింది."

ఇంక తిట్లే అనుకుంది. లవినియా నుంచి జవాబు కాదు, ఏకంగా ఫోనే వచ్చింది. ఆవిడ నవ్వుతోంది.

"అయ్యో చెల్లీ, మేనత్తా? ఇంకేం మాట్లాడతాం. మా అత్త పోయినేడు ఇక్కడికొచ్చి మా ఫ్రిజ్ పట్టుకుపోయింది. లోపలున్న మాంసంతో సహా. మా ఆయన వెనకనుంచి తోశాడు కూడాను."

"మరి మీ అమ్మాయి ఫంక్షన్‌కి?"

"మా అమ్మది కట్టుకుంటాలే. నువ్వు నిదానంగా ఇంకోటి అల్లు. తొందరేం లేదు."

తొందరేం లేదు. ఈ మాట నానిసి చెవిన పడి ఎంత కాలమైందో. ఆ మధ్యాహ్నం చాప పరుచుకుని పడుకుంది. పిల్ల బడినుంచి వచ్చి లేపేదాకా ఒళ్ళు తెలీలేదు. లేచాక చాలాసేపు అలాగే కూర్చుంది. ఇంత సుఖం ఉందా ఈ లోకంలో అనిపించింది ఆమెకి.

అక్కడే వచ్చింది చిక్కు.

మరుసటి వారం సిడ్నీ ఆర్డరొకటి ఆలస్యమైంది. నిజం చెప్పాలంటే మొదలే పెట్టలేదు. వేళ్ళు ఒప్పుకోలేదు. "ఎంతవరకు వచ్చింది?" అని మెసేజ్ రాగానే నానిసి బొటనవేలు దానంతటదే రాసేసింది: మేనత్త తీసుకెళ్ళింది. అవతలనుంచి "పాపం" అని వచ్చింది, గుండె బొమ్మ వచ్చింది, ఒక నెల గడువొచ్చింది. జ్వరం అంటే ఎప్పుడు తగ్గుతుందని అడుగుతారు. ఆకు లేదంటే పక్కవాళ్ళ దగ్గర తెచ్చుకోమంటారు. అలిసిపోయానంటే, ఏమో, ఆ మాట ఎవరితోనూ అని చూడలేదు. మేనత్త అంటే మాత్రం ఏ టోంగా ఆడదీ ఎదురు ప్రశ్న వెయ్యదు. అందరిళ్ళలోనూ ఒకావిడ ఉంటుంది.

తర్వాత ఇంకోసారి రాసింది. ఆ తర్వాత లెక్క పెట్టుకోవడం మానేసింది.

కొన్నాళ్ళకి శనివారం లైవ్‌లో ఎవరో అడిగారు, "ఈ వారం అత్త ఏం పట్టుకుపోయింది?" అని. నానిసి నవ్వి ఊరుకోవాల్సింది. "ఈసారి గోతం తెచ్చుకుంది అక్కా" అంది. తెరంతా నవ్వు బొమ్మలతో నిండిపోయింది. వారం తిరిగేసరికి అత్త గోతం కాస్తా తోపుడు బండి అయింది. ఇంకో వారానికి అత్త కిటికీలోంచి చెయ్యి పెట్టింది. అత్త కబుర్ల కోసమే జనం చేరడం మొదలుపెట్టారు. చేరినవాళ్ళు ఊరికే ఉంటారా, ఆర్డర్లిచ్చారు. సిడ్నీలో హెయిలాలా అనే ఆవిడ తమ చర్చి పాటల బృందం మొత్తానికి ఒకే రంగు కియెకియెలు అడిగింది, ఈస్టరుకి. అంత పెద్ద ఆర్డరు నానిసికి ముందెన్నడూ రాలేదు. సరే అంది. విశ్రాంతి కోసం చెప్పిన అబద్ధం రెట్టింపు పని తెచ్చిపెట్టింది. ఆ పని తప్పించుకోవడానికి మళ్ళీ అదే అబద్ధం.

"మీ అత్తకి తెలిస్తే?" అన్నాడు మాఫి.

"ఆవిడకి ఫోన్ ఎక్కడుంది?"

"ఫోనున్న వాళ్ళకి నోళ్ళున్నాయిగా."

నానిసికి ఒళ్ళు మండింది. "అయితే నువ్వొచ్చి అల్లు" అంది. అతను పెరట్లోకి వెళ్ళి కోళ్ళని అదిలించాడు. అవి చేసిన తప్పేం లేదు.

ఈస్టరు ఇంకా దూరం ఉండగానే, ఒక శనివారం పొద్దున్నే పిసిలా వచ్చింది. నల్లబట్టల్లో ఉంది. ముందురోజు ఆమె వరస తమ్ముడి కొడుకుని పాతిపెట్టారు. ఈసారి దుంపలు తేలేదు. చాప మీద కూర్చుంది. విసనకర్ర ఒళ్ళో పెట్టుకుంది కానీ విసురుకోలేదు.

"మంచినీళ్ళు తీసుకోండి అత్తా."

"తర్వాత. ముందు నాకొకటి చెప్పు. నీ ఇంట్లోంచి నేనేం తీసుకెళ్ళానే?"

నానిసి నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"ముసల్దాన్నయ్యాను, మర్చిపోయానేమో అని అడుగుతున్నా" అంది పిసిలా. "నిన్న చావింట్లో తల దగ్గర కూర్చున్నాను. నేను కూర్చునే చోటే కదా అది. చాపలు తెచ్చి ముందు పెడుతున్నారు. ఆక్లాండ్ నుంచి వచ్చిన పిల్లొకతి తన సంచి వెనక్కి లాక్కుని, పిసిలా అత్త ఉంది, జాగ్రత్తర్రా అంది. వరసంతా కిసుక్కుమంది. శవం ముందు. ఏంటే నవ్వుతున్నారు అంటే ఎవరూ చెప్పరు. ఆఖరికి మా కోడలు చెప్పింది. గోతం అట. బండి అట."

"అత్తా..."

"కిటికీలోంచి చెయ్యి కూడా పెట్టానట. నీ కిటికీలో నా చెయ్యి పడుతుందా? చూడు."

పిసిలా లావైన చెయ్యి చాపి చూపించింది. మాఫి నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నానిసికి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఒక్కసారి మొదలయ్యాక ఆగలేదు. అత్త ఓదార్చలేదు. అయ్యేదాకా చూస్తూ కూర్చుంది.

"అలిసిపోయాను అత్తా" అంది నానిసి ముక్కు తుడుచుకుంటూ. "నా వల్ల కావట్లేదు."

"మరి ఆ మాటే వాళ్ళకి చెప్పొచ్చుగా."

"చెప్తే కొనరు."

"నేను దొంగనంటే కొంటారు."

నానిసి తలెత్తలేకపోయింది. అరిచినా బాగుండేది. అత్తకి ఇంట్లో ఏది కావాలన్నా తీసుకునే హక్కుంది. ఫోన్ ఇమ్మంటే ఇచ్చెయ్యాలి, పేజీ మూసెయ్యమంటే మూసెయ్యాలి. అలా అంటే ఎంత బాగుండునో అనిపించింది ఆమెకి. అప్పుడు నిజంగానే, మేనత్త తీసుకెళ్ళింది, అని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. ఇంతకాలం చేస్తున్నది అదే కదా అని తోచింది.

"మూసెయ్యమంటారా?" అంది.

"నాకెందుకే నీ పేజీ? పదవుతోంది. మాట్లాడుకో. నేనిక్కడే కూర్చుంటాను."

మాఫి లోపలికొచ్చి ఫోన్ నిలబెట్టాడు. "వచ్చింది" అన్నాడు, కానీ మాట్లాడు అనలేదు. నానిసి నవ్వబోయింది, ముఖం సాగలేదు. తెర మీద ఆమె పక్కనే నల్లబట్టల్లో పిసిలా కనబడుతోంది. కింద అక్షరాలు పరుగెత్తడం మొదలైంది.

"ఏం రాస్తున్నారు?" అంది పిసిలా. "నాకు కనపడదు. చదువు."

"ఎందుకులే అత్తా."

"చదవమన్నానా?"

మేనత్త చెప్పాక చదవక తప్పదు. నానిసి చదివింది. "'అదిగో అత్త, ఫోన్ దాచెయ్యి.' 'అత్తా, మా ఇంటికి రాకమ్మా, మా ఆయన తప్ప ఏం లేదు.' 'మాఫీ, నువ్వు కూడా జాగ్రత్త.'" ఎదుటి మనిషి మొహం చూస్తూ చదివితే వాటిలో నవ్వొచ్చేదేమీ కనపడలేదు. పిసిలా మొహం కదలలేదు. చేతివేళ్ళు మాత్రం విసనకర్ర అంచుని పట్టుకుని లాగుతున్నాయి.

నానిసి చదవడం ఆపేసింది.

"అక్కలూ, చెల్లెళ్ళూ" అంది. "మా అత్త నా దగ్గర తీసుకుంది ఒకటే. అది లవినియా అక్కది. మిగతావి ఆవిడ తీసుకెళ్ళలేదు. అసలవి లేవు. నేను అల్లలేదు. అల్లలేకపోయాను. అలిసిపోయి, మీకు చెప్పడానికి నోరు రాక, ఆవిడ పేరు చెప్పుకుంటూ వచ్చాను. గోతం, బండి, అన్నీ నేను కల్పించినవే. మా అత్త ఎప్పుడూ ఖాళీ చేతులతో రాదు ఈ ఇంటికి. వచ్చే శనివారం నేను కూర్చోను. ఆ తర్వాత కూర్చుంటానో లేదో తెలీదు."

అక్షరాలు ఆగిపోయాయి. చూస్తున్నవాళ్ళ సంఖ్య తగ్గడం కళ్ళముందే కనపడింది. ఎవరో కోపంగా ఒకటి రాశారు. ఇంకెవరో "సిగ్గు లేదా" అన్నారు. లవినియా మాత్రం "చెల్లీ, ఫోన్ కట్టేసి పడుకో" అని రాసింది. మాఫి చెయ్యి చాపి ఫోన్ కట్టేశాడు.

పిసిలా విసనకర్ర పక్కన పెట్టింది. "నిన్న చావింట్లో నవ్వినవాళ్ళు ఇది చూసుంటారా?"

"కొందరు చూసుంటారు అత్తా. చూడనివాళ్ళే ఎక్కువ."

"అదే అనుకున్నా."

మళ్ళీ చావొస్తుంది, మళ్ళీ పిసిలా తల దగ్గర కూర్చుంటుంది, ఎవరో ఒకరు సంచి వెనక్కి లాక్కుంటారు. అబద్ధం వెళ్ళినంత దూరం నిజం వెళ్ళదు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది.

మాఫి వేయించిన చేపా, ఉడకబెట్టిన కర్రపెండలమూ తెచ్చి పెట్టాడు. తినబోతుంటే ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. హెయిలాలా. "అంటే మా బృందానివి కూడా మొదలుపెట్టలేదా? ఈస్టరుకి అందుతాయా అందవా? ఏదో ఒకటి చెప్పు."

నానిసి బొటనవేలు తెర మీద ఆగింది. అందుతాయి అక్కా అని రాయడం ఎంత తేలికో ఆమెకి తెలుసు. ఇంట్లో బియ్యం ఎంతున్నాయో, పడవ ఇంజన్ ఎక్కడుందో కూడా తెలుసు. రాసి, పంపించి, ఫోన్ పక్కన పెట్టింది.

"ఏం రాశావు?" అంది పిసిలా చేపముల్లు తీస్తూ.

"కుదరదు, వేరేవాళ్ళ దగ్గర చేయించుకోండి అని."

మాఫి నములుతున్నవాడల్లా ఆగాడు. పిసిలా ముల్లు పళ్ళెం అంచున పెట్టింది.

"ఎవరి పేరు చెప్పావు?"

"ఎవరి పేరూ చెప్పలేదు అత్తా. నా వల్ల కాదని రాశాను."

పిసిలా చేప పళ్ళేన్ని ఆమె వైపుకి జరిపింది. ముగ్గురూ తిన్నారు.